చెప్పాపెట్టకుండా రీస్టార్ట్ అయ్యే డెస్క్‌టాప్: మదర్‌బోర్డు మార్చాలా?

ప్రశ్న: నా డెస్క్‌టాప్ కంప్యూటర్ కొని నాలుగేళ్లయింది. రెండు నెలలుగా పని మధ్యలో ఉన్నట్టుండి తెర నల్లబడి, మరుక్షణమే కంప్యూటర్ మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ అవుతోంది. ఒక్కో రోజు రెండు మూడు సార్లు జరుగుతుంది, ఒక్కోసారి మూడు నాలుగు రోజుల పాటు ఏమీ జరగదు. వీడియో ఎడిటింగ్ పూర్తిచేసి ఫైలును ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎక్కువగా వస్తోంది గానీ, ఊరికే ఏదో చదువుకుంటున్నప్పుడు కూడా వచ్చింది. బ్లూ స్క్రీన్ గానీ, ఏ సందేశం గానీ కనబడలేదు. నిరుడు కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించాను. కంప్యూటర్ యూపీఎస్ మీద నడుస్తుంది. రిపేరు చేసేవారు విండోస్‌ను ఫార్మాట్ చేసి మళ్లీ వేసినా ఫలితం లేదు. ఇప్పుడు మదర్‌బోర్డు మార్చాలంటున్నారు. మార్చమంటారా?

సమాధానం: ఇప్పుడే మార్చవద్దు. మదర్‌బోర్డు చెడిపోయే అవకాశం లేదని కాదు. మీరు రాసిన లక్షణాల్లో ప్రత్యేకించి దానినే పట్టిచ్చేది ఏదీ లేదు. పైగా ఖర్చు లేకుండా ఇంట్లోనే పరీక్షించదగిన భాగాలు దానికంటే ముందు చాలా ఉన్నాయి. మొదట ఫార్మాట్ చేయడం, అది పనిచేయకపోతే బోర్డు మార్చడం, ఈ రెండూ కారణం తెలుసుకోకుండా చేసే పనులే. ఇటువంటి సమస్యలో ‘ఏ భాగం పాడైంది’ అని అడగడానికి ముందు ‘ఈ రీస్టార్ట్ ఎవరి పని’ అని అడగాలి. విండోస్ తన పద్ధతి ప్రకారం తానే రీస్టార్ట్ అయి ఉండవచ్చు. ముందుకు సాగలేనంత లోపం ఎదురై ఆగిపోయి, మళ్లీ మొదలై ఉండవచ్చు. లేదా విండోస్‌కు తెలియనే తెలియకుండా కింద నుంచి కరెంటు తప్పిపోయి ఉండవచ్చు. ఈ మూడూ చూసేవారికి ఒకేలా కనిపిస్తాయి గాని, వాటి మందు మాత్రం వేరు.

పరీక్షలు మొదలుపెట్టే ముందు మీ ఫైళ్లన్నింటినీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకుని, కాపీ పూర్తికాగానే ఆ డిస్కును కంప్యూటర్ నుంచి తీసి పక్కన పెట్టండి. డిస్కు మీద ఏదో రాస్తున్న క్షణంలో యంత్రం ఆగిపోతే ఆ ఫైలే కాక ఫైల్ సిస్టమ్ కూడా దెబ్బతినవచ్చు. ఎడిటింగ్ ప్రాజెక్టులు మీకు ముఖ్యమైనవి కాబట్టి ఈ పనిని వాయిదా వేయకండి.

ఆ తరువాత విండోస్ రాసిపెట్టుకున్న లెక్క చూడాలి. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. అందులో ఎడమవైపు విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్ అన్న విభాగం ఉంటుంది. రీస్టార్ట్ జరిగిన సమయానికి అటూ ఇటూ ఉన్న నమోదులను ఈవెంట్ ఐడీ సంఖ్యలతో సహా చూడండి. 1074 సంఖ్య కనిపిస్తే ఏదో ప్రోగ్రామో, అప్‌డేటో, వాడే మనిషో పద్ధతి ప్రకారం రీస్టార్ట్ చేయించినట్టు. ఏ ప్రోగ్రామ్ అడిగిందో కూడా అక్కడే రాసి ఉంటుంది. 1001 సంఖ్యతో బగ్‌చెక్ అన్న నమోదు ఉంటే విండోస్ లోపంతో ఆగిపోయినట్టు. 6008 అంటే అంతకు ముందు కంప్యూటర్ సక్రమంగా ఆగలేదని మాత్రమే అర్థం.

ఎక్కువమందిని పక్కదారి పట్టించేది 41 అన్న సంఖ్య. దాని పక్కన కెర్నెల్ పవర్ అని ఉంటుంది గనుక, అది చూడగానే పవర్ సప్లై (కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) చెడిపోయిందని చాలామంది తీర్మానించేస్తారు. నిజానికి ఆ నమోదు ప్రమాదం జరిగినప్పుడు రాసింది కాదు. కంప్యూటర్ మళ్లీ లేచిన తరువాత, తాను సరిగా ఆగలేదని గమనించి విండోస్ రాసుకున్నది. అది ఫలితాన్నే చెబుతుంది, కారణాన్ని చెప్పదు. అయితే దాని డీటెయిల్స్ భాగంలో బగ్‌చెక్ కోడ్ అన్న గడి ఉంటుంది, మీకు పనికొచ్చేది అదే. అక్కడ సున్నా కాకుండా వేరే సంఖ్య ఉంటే విండోస్ లోపాన్ని గుర్తించి ఆగిపోయిందన్నమాట: 26 అయితే మెమరీ నిర్వహణలో లోపం, 278 అయితే గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) స్పందించకపోవడం, 292 అయితే ప్రాసెసర్ వంటి హార్డ్‌వేర్ స్వయంగా తెలిపిన, సరిదిద్దుకోలేని లోపం. ఈ గడిలో సంఖ్య మామూలు దశాంశ పద్ధతిలో ఉంటుంది. బ్లూ స్క్రీన్ మీద కనిపించే కోడ్ హెక్సాడెసిమల్ (పదహారు ఆధారంగా లెక్కించే) పద్ధతిలో ఉంటుంది కనుక, వివరం కోసం వెతికేటప్పుడు కాలిక్యులేటర్‌లో మార్చుకోవాలి. అక్కడ ప్రతిసారీ సున్నాయే ఉంటే, విండోస్‌కు ఏమీ రాసుకునే వ్యవధి దొరకలేదని గ్రహించాలి. అప్పుడు వెతుకులాట కరెంటు వైపు, హార్డ్‌వేర్ వైపు తిరుగుతుంది.

బ్లూ స్క్రీన్ రాలేదన్నారు. అది వచ్చినా మీకు కనబడకపోయి ఉండవచ్చు. లోపంతో ఆగినప్పుడు వెంటనే రీస్టార్ట్ కావడం విండోస్‌లో మొదటి నుంచీ ఉన్న అమరిక. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ ఆ అమరికే తిరిగి వస్తుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ అన్న భాగానికి వెళ్లి, స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్ తెరిచి, ఆటోమేటికల్లీ రీస్టార్ట్ ఎదురుగా ఉన్న టిక్కు తీసివేయండి. ఇకపై అటువంటి లోపం వస్తే తెర అలాగే నిలిచి ఉంటుంది, ఫోనుతో ఫొటో తీసుకోవచ్చు. 2025 నుంచి విండోస్ 11లో ఆ తెర నీలానికి బదులు నలుపు రంగులో వస్తోంది. మీరు చూసిన నల్లని తెర మీద అక్షరాలు ఉన్నాయేమో కూడా ఈ విధంగానే తేలిపోతుంది. టిక్కు తీసిన తరువాత కూడా యంత్రం అదే విధంగా మళ్లీ మొదలైతే అది విండోస్ చేసిన పని కాదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ కారణంగా వచ్చే రీస్టార్ట్‌లు లేకపోలేదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ (నెట్‌వర్క్ ద్వారా దానంతటదే పాకే హానికర ప్రోగ్రామ్) వ్యాపించినప్పుడు విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు తెర మీద 60 సెకన్లు లెక్కపెట్టి మరీ రీస్టార్ట్ అయ్యేవి. కానీ అటువంటివి సాధారణంగా ఏదో ఒక సూచన ఇచ్చి జరుగుతాయి, లేదా లాగ్‌లో గుర్తు వదులుతాయి. ఫార్మాట్ తరువాత కూడా సమస్య మారలేదంటే విండోస్ మీద అనుమానం బాగా తగ్గుతుంది. అదే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మళ్లీ వేసి ఉంటారు కనుక పూర్తిగా పోదు. ఆ కాస్త సందేహం తీరాలంటే పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడిచే ఉబుంటు వంటి లినక్స్‌తో కంప్యూటర్‌ను నడిపి చూడండి. విండోస్ ప్రమేయమే లేని ఆ స్థితిలోనూ, లేదా ఊరికే బయోస్ (విండోస్ కంటే ముందు లేచే, మదర్‌బోర్డు సొంత ప్రోగ్రామ్) తెర మీద వదిలేసినప్పుడు కూడా రీస్టార్ట్ అయితే, ఇక సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించనక్కరలేదు.

మీ ఉత్తరంలోని మూడు విషయాలు నన్ను కరెంటు వైపే నడిపిస్తున్నాయి: ఎక్స్‌పోర్ట్ సమయంలో ఎక్కువగా జరగడం, నిరుడు గ్రాఫిక్స్ కార్డు చేరడం, మధ్యలో యూపీఎస్ ఉండడం. ఒక్క సంగతి తెలిస్తే ఈ అనుమానం ఎందుకో అర్థమవుతుంది. ఎస్‌ఎంపీఎస్ అని మనం పిలిచే పవర్ సప్లై 12, 5, 3.3 వోల్టుల కరెంటుతో పాటు మదర్‌బోర్డుకు ‘పవర్ గుడ్’ అనే సంకేతాన్ని కూడా పంపుతూ ఉంటుంది. వోల్టేజీలు సరిగా ఉన్నంతసేపే ఆ సంకేతం ఉంటుంది. అది కొన్ని మిల్లీ సెకన్ల పాటు తప్పినా మదర్‌బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్ చేస్తుంది. విండోస్‌కు కబురు ఉండదు, బ్లూ స్క్రీన్ ఉండదు, లాగ్‌లో మిగిలేది 41, దాని పక్కన సున్నా. మీరు వర్ణించిన దృశ్యం సరిగ్గా ఇదే.

మొదట యూపీఎస్‌ను పరీక్షించండి, ఎందుకంటే అందులో విప్పవలసింది ఏమీ లేదు. బయటి కరెంటు క్షణకాలం పడిపోయినప్పుడు యూపీఎస్ బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీ సెకన్లు పడుతుంది. ఆ సందును పవర్ సప్లైలో కరెంటును కాస్త నిల్వ ఉంచే కెపాసిటర్లు పూడ్చాలి. భారీ లోడు మీద కూడా సుమారు 16 మిల్లీ సెకన్లు నిలబడగలగాలని, డెస్క్‌టాప్ పవర్ సప్లైలు పాటించే ఏటీఎక్స్ ప్రమాణం. ఏళ్లు గడిచేకొద్దీ కెపాసిటర్ల శక్తి, యూపీఎస్ బ్యాటరీ శక్తి రెండూ తగ్గుతాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీ సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లలో మార్చవలసి వస్తుంది. పైగా 600 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) అని రాసి ఉన్న యూపీఎస్ చాలావరకు 360 వాట్లే మోయగలదు. కొత్త గ్రాఫిక్స్ కార్డుతో మీ కంప్యూటర్ ఆ హద్దు దాటి ఉండవచ్చు. ఊరికే చదువుకుంటున్నప్పుడు రీస్టార్ట్ కావడానికి కూడా ఇక్కడ వివరణ దొరకవచ్చు. కొన్ని యూపీఎస్‌లు తమంతట తామే అప్పుడప్పుడు బ్యాటరీని పరీక్షించుకుంటాయి, బ్యాటరీ నీరసించి ఉంటే ఆ క్షణంలోనే కరెంటు తప్పుతుంది. కాబట్టి యూపీఎస్‌ను పక్కన పెట్టి, ఎర్త్ సరిగా ఉన్న గోడ సాకెట్‌కు కంప్యూటర్‌ను నేరుగా కలిపి నడపండి. లేజర్ ప్రింటర్, హీటర్ వంటివి అదే సాకెట్ మీద ఉంచవద్దు. పవర్ కేబుల్‌ను కూడా వేరే దానితో మార్చి చూడండి. వదులైన కేబుల్ వల్ల ఇటువంటి సమస్య రావడం అరుదేమీ కాదు.

బయోస్‌లో ఒక అమరికను ఇప్పుడే చూసుకోవడం మంచిది. కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ ఏం చేయాలో నిర్ణయించే ఐచ్ఛికం అది. చాలా బోర్డుల్లో ‘రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ అన్న పేరుతో ఉంటుంది. అది ‘పవర్ ఆన్’ లేదా ‘లాస్ట్ స్టేట్’ మీద ఉంటే, క్షణకాలం కరెంటు పోయి వచ్చినా కంప్యూటర్ దానంతటదే లేచి రీస్టార్ట్ అయినట్టు కనిపిస్తుంది. దానిని ‘పవర్ ఆఫ్’ మీద పెట్టండి. ఆ తరువాత యంత్రం తిరిగి మొదలు కాకుండా ఆరిపోయి ఉండిపోతే, పోయింది బయటి నుంచి వచ్చే కరెంటే అనడానికి అది బలమైన సాక్ష్యం.

నేరుగా గోడ సాకెట్ మీద కూడా సమస్య కొనసాగితే అప్పుడు పవర్ సప్లై వంతు. దాని పక్కన అతికించిన చీటీ మీద మొత్తం వాట్లతో పాటు 12 వోల్టుల లైన్ మీద ఎన్ని వాట్లు ఇవ్వగలదో ఉంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది ప్రధానంగా ఆ లైన్ మీదే. గ్రాఫిక్స్ కార్డు తయారీదారు సూచించిన కనీస వాటేజీతో పోల్చి చూడండి. సంఖ్య సరిపోయినంత మాత్రాన నిశ్చింత పడకూడదు, ఎందుకంటే ఈనాటి గ్రాఫిక్స్ కార్డులు మిల్లీ సెకనులో చిన్న భాగం పాటు తమ సగటు వాడకానికి రెట్టింపు దాకా కూడా లాగగలవు. ఈ కుదుపుల కోసమే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో పవర్ సప్లై తన సామర్థ్యానికి 200 శాతం వరకు 100 మైక్రో సెకన్ల పాటు తట్టుకోవాలన్న నిబంధన చేర్చారు. మీ పవర్ సప్లై అంతకు ముందుదైతే ఆ కుదుపుకు దాని రక్షణ వ్యవస్థ బెదిరి ఉండవచ్చు, లేదా వోల్టేజీ క్షణకాలం జారి ఉండవచ్చు.

దీనిని కొత్తది కొనకుండానే పరీక్షించే మార్గం ఉంది. గ్రాఫిక్స్ కార్డు సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను 70 శాతానికి తగ్గించి మీ ఎక్స్‌పోర్ట్ పని మామూలుగా చేసుకోండి. మీ ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే కార్డును పూర్తిగా తీసేసి, మానిటర్‌ను మదర్‌బోర్డుకు కలిపి నడపడం ఇంకా మేలు. అప్పుడు రీస్టార్ట్‌లు ఆగిపోతే అనుమానం పవర్ సప్లై మీద, కార్డు మీద, వాటిని కలిపే కేబుల్ మీద మాత్రమే మిగులుతుంది. కార్డుకు రెండు కనెక్టర్లు ఉంటే ఒకే కేబుల్‌కు ఉన్న రెండు కొసలు కాకుండా పవర్ సప్లై నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు ఇవ్వండి. మదర్‌బోర్డు మీది 24 పిన్నుల కనెక్టరు, ప్రాసెసర్ దగ్గరి 8 పిన్నుల కనెక్టరు పూర్తిగా లోపలికి దిగాయో లేదో చేత్తో నొక్కి చూడండి. మల్టీమీటర్‌తో 12 వోల్టుల లైన్ కొలిస్తే 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. ఆ హద్దులు దాటితే పవర్ సప్లై దోషం తేలినట్టే. హద్దుల్లో ఉంటే మాత్రం ఏమీ తేలనట్టు, ఎందుకంటే మీ సమస్య మీటరుకు అందనంత చిన్న వ్యవధిలో జరుగుతోంది. చివరికి నమ్మదగిన పరీక్ష, మంచిదని తెలిసిన మరో పవర్ సప్లైని కొద్ది రోజులు పెట్టి చూడడమే. ఎట్టి పరిస్థితుల్లోనూ పవర్ సప్లై పెట్టెను విప్పవద్దు. ప్లగ్ తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

పరీక్షల వ్యవధి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ కంప్యూటర్ ఒక్కోసారి నాలుగు రోజులు నిలకడగా ఉంటోంది. అటువంటప్పుడు ఏదో మార్చి, రెండు రోజులు బాగుందని ‘నయమైంది’ అనుకోవడానికి వీల్లేదు. ఒక్కో మార్పు తరువాత కనీసం పది రోజులు, ఎక్స్‌పోర్ట్ పనితో సహా నడిపి చూడాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, తేదీ, అప్పుడు నడుస్తున్న ప్రోగ్రామ్, లాగ్‌లోని సంఖ్య కాగితం మీద రాసుకోండి. ఓపిక కావాలి, నిజమే. కానీ అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పాడైందో ఎప్పటికీ తెలియదు.

వేడి సంగతి అందరూ ముందు చెబుతారు గాని మీ విషయంలో నేను దానిని వెనక్కే నెడతాను. ప్రాసెసర్ వేడెక్కితే మొదట తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి ఆ హద్దు 100 డిగ్రీల సెల్సియస్, ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 శ్రేణిలో ఎక్కువ వాటికి 95 డిగ్రీలు. అది కూడా చాలకపోతే యంత్రం ఆరిపోతుంది, సాధారణంగా ఆరిపోయే ఉంటుంది; మరుక్షణమే లేవడం వేడి లక్షణం కాదు. అయినా నాలుగేళ్ల యంత్రం కనుక హీట్‌సింక్‌లో దుమ్ము తీసి, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయో చూసి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ప్రోగ్రామ్‌తో ఎక్స్‌పోర్ట్ సమయంలో ఉష్ణోగ్రతలు గమనించండి.

ర్యామ్ పరీక్ష రాత్రిపూట వదిలేయదగిన పని. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్‌లో ఉంటే ముందు దానిని తీసి కొన్నాళ్లు చూడండి. అది ర్యామ్‌ను ప్రామాణిక వేగం కంటే ఎక్కువగా నడిపిస్తుంది. తరువాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపించండి. అందులో ఒక్క లోపం కనిపించినా ర్యామ్‌ను, దాని స్లాట్‌ను ఒక్కొక్కటిగా వేరు చేసి చూడాలి. క్యాబినెట్ మీది రీసెట్ బటన్ ఇరుక్కుపోయినా ఇదే లక్షణం వస్తుంది. మదర్‌బోర్డు నుంచి ఆ బటన్ తీగలు రెండూ తీసేస్తే కంప్యూటర్‌కు ఏ నష్టమూ లేదు, అనుమానం మాత్రం తీరిపోతుంది. బోర్డు మీది గుండ్రని సెల్ మార్చమని కొందరు చెబుతారు. అది గడియారాన్ని, బయోస్ అమరికలను కాపాడడానికే తప్ప నడుస్తున్న యంత్రం రీస్టార్ట్ కావడానికి సాధారణంగా కారణం కాదు.

ప్రాసెసర్ మీద అనుమానం రావాలంటే లాగ్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ (హార్డ్‌వేర్ లోపాలను నమోదు చేసే విండోస్ భాగం) అన్న పేరుతో 18 సంఖ్య కనిపించాలి. మీది ఇంటెల్ 13 లేదా 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ అయితే, 2024లో ఆ తరాల అస్థిరతను ఇంటెల్ స్వయంగా అంగీకరించి, ఆ ఏడాది ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు విడుదల చేసి, ప్రభావితమైన ప్రాసెసర్లకు వారంటీని రెండేళ్లు పొడిగించిందని గుర్తుంచుకోండి. ఆ సవరణ మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను మాత్రం అది బాగు చేయదు, మార్పించుకోవాలి. రైజెన్ అయితే, పని లేని సమయంలోనే రీస్టార్ట్‌లు వస్తున్నప్పుడు, బయోస్‌లో ‘పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్’ ఉందేమో చూసి ‘టిపికల్ కరెంట్ ఐడిల్’ మీద పెట్టి గమనించండి. బయోస్ అప్‌డేట్ చేయదలచుకుంటే రీస్టార్ట్‌లు కాస్త అదుపులోకి వచ్చిన తరువాతే చేయండి. మధ్యలో కరెంటు తప్పితే బోర్డు లేవకుండా పోయే ప్రమాదం ఉంది.

యూపీఎస్ లేకుండా, వేరే పవర్ సప్లైతో, గ్రాఫిక్స్ కార్డు తీసేసి, పరీక్షించిన ర్యామ్‌తో, లినక్స్ మీద కూడా రీస్టార్ట్‌లు వస్తూనే ఉంటే అప్పుడు మదర్‌బోర్డు, ప్రాసెసర్ రెండే మిగులుతాయి. బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్, కమిలిన కనెక్టరు, కింద పడి ఇరుక్కున్న స్క్రూ కనిపిస్తే బోర్డు మీద అనుమానానికి బలం చేకూరుతుంది. ఆ దశలో మార్పించండి, కానీ బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ ఎక్కడుందో ముందే చూసుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి. విండోస్ 11 ఉన్న చాలా కంప్యూటర్లలో, వాడేవారు ప్రత్యేకంగా కోరకపోయినా, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయినప్పుడే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. అటువంటి వారికి ఆ కీ అదే ఖాతాలో దొరుకుతుంది. కొత్త బోర్డు పెట్టగానే విండోస్ ఆ కీ అడుగుతుంది, అది లేకపోతే డిస్కులోని ఫైళ్లు తెరుచుకోవు.